ఐదో కాంటూరు చుట్టూ పాతికేళ్లు

కొల్లేరు గురించి మా వైపు ఎవరు మాట ఎత్తినా రెండు నిమిషాల్లో అది కాంటూరు దగ్గరికొచ్చి ఆగుతుంది. కొల్లేటి సరస్సు అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు దగ్గర ఉండాలా, మూడో కాంటూరుకు తగ్గించాలా? ఐదా, మూడా? ఎన్నికల ముందు మూడు అన్నవాళ్లకు చప్పట్లు పడతాయి. కోర్టు కన్నెర్ర చేసినప్పుడు ఐదు అన్నవాళ్లకు పేపర్లో సంపాదకీయాలు వస్తాయి. ఈ రెండు అంకెల మధ్య పాతికేళ్లు గడిచిపోయాయి.

నేను ఐదో కాంటూరు ఉండి తీరాలనే పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అయితే మూడు కావాలనేవాళ్లలాగే, ఐదు కావాలనే మేమూ అసలు అడగాల్సింది అడగడం లేదని నా బాధ. గీత ఎక్కడ గీయాలో తేల్చడం ఒక్క రోజు పని. ఆ గీత లోపల వచ్చే ముప్పై ఏళ్లు నీళ్లెలా పారాలి, భూమి ఎవరిది, అక్కడి జనం ఏం చేసుకుని బతకాలి, ఏటా డబ్బు ఎవరు పెట్టాలి అన్నది కాగితం మీద పెట్టి, ప్రభుత్వాలు మారినా వదలకుండా చేసుకుంటూ పోవడం ముప్పై ఏళ్ల పని. మనం ఆ ఒక్క రోజు పని చేసి మిగతాది గాలికొదిలేశాం.

కాంటూరంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సముద్ర మట్టం కంటే ఇన్ని అడుగుల ఎత్తు అని లెక్కగట్టి, ఆ ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గీసే గీత అది. కొల్లేట్లో నీరు మూడో కాంటూరు దాకా ఉంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. ఐదు దాకా వస్తే 308. పదికి చేరితే 901. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరుచుకున్న పల్లం కాబట్టి రెండడుగుల నీరు పెరిగితే చాలు, సరస్సు రెట్టింపు దాటిపోతుంది. ఈ మూడుకీ ఐదుకీ మధ్య ఎంత నీరు నిలుస్తుందో కాగితం మీద లెక్కేసి చూశాను. నాలుగున్నర టీఎంసీలు దాటుతోంది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ కడుపు నిండా నింపినా పట్టేది మూడు టీఎంసీలే. అంటే కాంటూరు తగ్గించండి అని అసెంబ్లీలో చేతులెత్తినప్పుడల్లా, ఒకటిన్నర ప్రకాశం బ్యారేజీలంత వరద జాగాను వదులుకుందామని మనం అంటున్నట్టు.

బయటివాళ్లకు కొల్లేరు అంటే పక్షులు. మాకు ముందుగా గుర్తొచ్చేది నీళ్లు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటితో పాటు రెండు డెల్టాల నుంచి దిగే పదుల కొద్దీ మురుగు కాలువలు, అన్నీ ఇందులోకే. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అరవై కిలోమీటర్లు దాటి మెలికలు తిరుగుతూ సముద్రానికి చేరుతుంది. భారీ వరదొస్తే కొల్లేట్లోకి లక్ష క్యూసెక్కులకు పైగా రావచ్చని ఇంజినీర్ల అంచనా. ఉప్పుటేరు మోయగలిగేది పన్నెండు, పదిహేను వేలు. మిగతా నీరు దిగిపోయే దాకా ఎక్కడో ఒక చోట ఓపిగ్గా నిలబడాలి. ఆ ఓపిక పేరే కొల్లేరు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఆ గండ్లకు కొల్లేరే కారణమని నేననను, అవి పడింది ఎగువన. కానీ ఆ నీళ్లు ఆఖరికి కొల్లేటికే చేరాయి. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు చినఎడ్లగాడి దగ్గర మునిగి రాకపోకలు ఆగిపోయాయి. టీవీల్లో విజయవాడ కనిపించినంత కాలం కొల్లేటి లంక ఊళ్లు కనిపించలేదు. అక్కడ నీరు ఆలస్యంగా వస్తుంది, ఆలస్యంగా పోతుంది. కెమెరాలు వెళ్లిపోయాక కూడా ఇళ్ల ముందు నిలబడే ఉంటుంది.

పెదఎడ్లగాడి వంతెన మీద కాసేపు ఆగి కిందికి చూస్తే మన ప్రణాళికల సంగతి మొత్తం అర్థమైపోతుంది. నీరు కనిపించదు. ఖానాలకు అడ్డంగా గుర్రపు డెక్క మేట వేసుకుని ఉంటుంది, మీద పిట్టలు నడుస్తుంటాయి. వరద వస్తోందని తెలిశాక ఒక పొక్లెయిన్ వచ్చి, ఆ డెక్కను పాయలు పాయలుగా లాగి గట్టు మీద కుప్ప పోస్తుంది. వరద తగ్గగానే అది వెళ్లిపోతుంది. కుప్పలో సగం మళ్లీ నీళ్లలోకి జారుతుంది. ఏటా జరిగే పని, ఏటా ఉండే ఖర్చు, కానీ ఏటా అప్పటికప్పుడు మంజూరు చేయించుకుని చేసే పనే. ఈ డెక్క ఎక్కడి నుంచి వస్తోందో, పైనున్న ఊళ్ల మురుగు తిని ఎలా బలుస్తోందో అందరికీ తెలుసు. ఎగువన విజయవాడ, గుడివాడ, ఏలూరు మురుగు శుద్ధి కాకుండా ఈ కాలువల్లో పడుతున్నంత కాలం పొక్లెయిన్‌కు పని ఉంటూనే ఉంటుంది.

ఇక చెరువులు. కొల్లేరును జనం ఆక్రమించారని హైదరాబాదులో కూర్చుని తేలిగ్గా అనేస్తారు. మొదటి గట్లు వేయించింది ప్రభుత్వమే. 1970ల్లో లంక ఊళ్ల మత్స్యకారులకూ పేదలకూ సహకార సంఘాలు పెట్టించి, సరస్సు గర్భంలోనే చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఆనాటి ఉద్దేశం మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. వరదొస్తే తిండి లేదు, ఎండొస్తే పంట లేదు అన్న ఊళ్లకు ఏదో ఒక ఆదాయం చూపించాలనుకున్నారు. కానీ ఎన్ని ఎకరాల దాకా తవ్వొచ్చు, నీరు పారే దారులు ఎక్కడ వదలాలి, సంఘం చెరువును బయటివాడికి లీజుకిస్తే ఏం చేయాలి అన్నవి ఎవరూ రాసుకోలేదు. పదేళ్లలోనే సంఘాల పేరు ముందుండి, డబ్బున్న లీజుదారులు వెనక చేరారు. శీలావతికీ బొచ్చెకూ కోల్‌కతా దాకా గిరాకీ దొరికింది. తవుడు బస్తాలు గెడలకు వేలాడదీసి, కోడి ఎరువు లారీల్లో తెచ్చి పోసి, ఐసు పెట్టెల్లో చేపలు ఎక్కించి పంపే వ్యాపారం ఊళ్లను కమ్మేసింది. 2001 నాటి ఉపగ్రహ చిత్రాలు పరిశీలించిన ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు, తాము లెక్కలోకి తీసుకున్న 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులే ఉన్నాయని తేల్చారు. మరో ఎనిమిదిన్నర శాతం వ్యవసాయం కింద పోయింది.

చెరువు గట్టు చెడ్డది కాదు. నీళ్లు దాటే దారిలో అడ్డం పడ్డ గట్టు చెడ్డది. ఐదడుగుల లోతున నీరు నిలిపి, చుట్టూ ఎత్తు గట్టు వేసిన చెరువు అప్పటికే నిండి ఉంటుంది. వరదొచ్చినప్పుడు అది చుక్క నీరు తీసుకోదు. పైగా పక్క నుంచి పోయే నీటిని కూడా ఆపుతుంది. అందుకే గట్లు పెరిగిన కొద్దీ, అదే వాన అంతకుముందు మునగని ఊళ్లను ముంచింది.

పక్షుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1946లో పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ పెద్ద గూడబాతుల (పెలికన్ల) కాలనీ చూశారు. 1970ల మధ్యకల్లా ఆ చుట్టుపక్కల గూళ్లు ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు కైకలూరు పక్క ఆటపాకలో గూడబాతులు మళ్లీ గూళ్లు కడుతున్నాయి, వాటితో పాటు రంగు కొంగలూ ఉన్నాయి. పడవలో దగ్గరికెళ్తే కనిపించే దృశ్యం కాస్త కలవరపెడుతుంది. నీళ్ల మధ్య ఇనప స్టాండ్లు ఉంటాయి, కొమ్మల్లా చేతులు చాచినట్టు వెల్డింగ్ చేసినవి. చెట్లు రెట్టలకూ నిలవ నీటికీ ఎండి మోడైపోతే అటవీ శాఖవాళ్లు వీటిని నాటారు. వాటి మీదే గూళ్లు, గూళ్లలో మూతులు చాచిన పిల్లలు, తుప్పు పట్టిన గొట్టాల మీద తెల్లటి పూత. ఆ స్టాండ్లు పెట్టినవాళ్లను నేను మెచ్చుకుంటాను. పక్షి ఆ ఏడాది గూడు కట్టుకునే చోటు చూపించారు, అది చిన్న పని కాదు. కానీ స్టాండు అన్నది ఈ ఏటి అవసరానికి ఈ ఏడు చేసిన ఏర్పాటు. పదిహేనేళ్ల తర్వాత గూడు కట్టుకోవడానికి చెట్టు కావాలంటే ఇవాళ తుమ్మ మొక్క నాటాలి, అది బతికే చోట నీటి మట్టాన్ని ఎండాకాలంలో కూడా అదుపులో పెట్టాలి. రెండో పని అటవీ శాఖ చేతిలో లేదు.

1999 అక్టోబరు 4న జీవో 120 వచ్చింది. ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో చెప్పాలంటే 76 వేల పైచిలుకు, వన్యప్రాణి అభయారణ్యమైంది. గట్లు వేసి చేపలు పెంచడం నిషేధం, వలలూ మావులూ పెట్టి సంప్రదాయంగా వేటాడుకోవడానికి అభ్యంతరం లేదు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాలోకి, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికలోకి కూడా ఎక్కింది. కాగితం మీద ఇంతకన్నా గట్టి రక్షణ ఇంకేం కావాలి? అయినా చెరువులు పెరుగుతూనే పోయాయి. చివరికి సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ కల్పించుకున్నాక, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో నలభై వేల ఎకరాలకు పైగా చెరువుల గట్లు కొట్టేశారు.

ఆ కూల్చివేత అవసరమే. అప్పుడు చేయకపోతే ఇవాళ మాట్లాడుకోవడానికి సరస్సే ఉండేది కాదు. కానీ గట్టు తెగిన మర్నాడు ఏమిటి? కొట్టేసిన మట్టిని ఎక్కడికక్కడ వదిలేశారు. సరిహద్దు పొడవునా రాళ్లు పాతి, ఏ సర్వే నంబరు లోపల, ఏది బయట అని ఊరూరా చూపించే పని పూర్తి కాలేదు. గట్లు పోయిన కుటుంబాలకు చూపిస్తామన్న ఉపాధి మాటలుగానే మిగిలింది, చాలామంది వలస పోయారు. కాపలా కాసే సిబ్బంది గుప్పెడు మంది. కొన్నేళ్లకే ఆ మట్టే మళ్లీ గట్టుగా లేచింది. రాత్రిపూట పొక్లెయిన్ చప్పుడు మా వైపు ఎవరికీ కొత్త కాదు.

అన్నిటికన్నా పెద్ద గాయం జిరాయితీ భూములది. అభయారణ్యం లోపల సుమారు పదిహేను వేల ఎకరాలు సొంత పట్టా భూములున్నాయి. మా మేనమామకు అందులో కొంత ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను వరదల గురించీ కాంటూరు గురించీ ఏదో చెబుతుంటే ఆయన మధ్యలో ఆపాడు.

"ఒరేయ్, నువ్వు చెప్పే నీళ్ల సంగతి నాకు తెల్దా? నా కళ్ల ముందే కదా ఇదంతా. నాకొక్కటి చెప్పు. శిస్తు కట్టిన రసీదులు బీరువాలో ఉన్నాయి. భూమి నాదే. చెరువు తవ్వితే కేసు. అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ లేదు. పోనీ గవర్నమెంటోడు తీసుకుని ఇంత అని ఇస్తాడా అంటే, అదీ లేదు. మీ అత్తయ్య ఆపరేషన్‌కి అప్పు చేశాను గానీ అరెకరం అమ్మలేకపోయాను. నేను పిట్టలకి అడ్డమా, పిట్టలు నాకు అడ్డమా?"

ఆయనకు నేను చెప్పగలిగిన జవాబు చట్టంలోనే ఉంది. అదే నాకు కోపం తెప్పించే విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, అభయారణ్యం చేయబోతున్నామని ప్రకటించిన రోజు నుంచీ వారసత్వంగా తప్ప ఆ భూమి మీద ఎవరికీ కొత్తగా హక్కు రాదు. మావయ్య అమ్ముకోలేకపోవడానికి కారణం అదే. అయితే అదే చట్టం కలెక్టరుకు మూడు దారులు చూపించింది. హక్కున్న భూమిని సరిహద్దు బయట పెట్టొచ్చు, పరిహారమిచ్చి తీసుకోవచ్చు, లేదా ఆ హక్కును షరతులతో లోపలే కొనసాగనివ్వొచ్చు. 2002లో చట్టాన్ని సవరించి, ఈ తతంగమంతా సాధ్యమైనంత వరకు రెండేళ్లలో ముగించాలని కూడా రాశారు. రెండేళ్లు! జీవో వచ్చి పాతికేళ్లు దాటినా పట్టాదారుల పరిహారం ఇంకా చర్చల్లోనే ఉంది. హక్కులు తేల్చే పని ఎంత ఆలస్యమైతే కాంటూరు తగ్గించాలన్న కోరికకు అంత బలం. న్యాయంగా పరిహారం అందుకోవాల్సిన రైతునూ, సరస్సు గర్భంలో వందల ఎకరాలు లీజుకు తీసుకున్న పెట్టుబడిదారునూ ఒకే జెండా కింద నిలబెట్టింది ఈ ఆలస్యమే. ఊరేగింపులో ముందు నడిచేది మా మావయ్యలాంటివాళ్లు. కాంటూరు తగ్గితే లాభపడేది వెనక కారులో వచ్చేవాళ్లు.

2008లో అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది, కాంటూరును మూడుకు తగ్గించాలని. పాలక పక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేకుండా అందరూ ఒక్కటయ్యారు. అంతటి ఐకమత్యం నీళ్ల విషయంలోనో పరిహారం విషయంలోనో ఒక్కసారి చూపించి ఉంటే ఎంత బాగుండేది! అభయారణ్యం హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా కుదరదు. దాంతో సాలిమ్ అలీ పక్షి పరిశోధన కేంద్రం డైరెక్టరుగా ఉన్న పి.ఎ. అజీజ్ ఆధ్వర్యంలో ఒక కమిటీ వచ్చింది. ఊళ్లు తిరిగింది, ఐదో కాంటూరు ఉంచాల్సిందేనని చెప్పింది, పట్టాదారుల పరిహారం గురించి కూడా చెప్పింది. మా వైపు నాయకులు మొదటి సగం విని కోప్పడ్డారు, నాలాంటి పర్యావరణ అభిమానులు మొదటి సగం విని సంతోషించారు. రెండో సగం ఎవరూ పట్టించుకోలేదు.

ప్రభుత్వం నడిచేది ఐదేళ్ల లెక్కన. కొల్లేటి మేట, ఉప్పుటేరు పూడిక, ఒక చెట్టు ఎదగడం, ఒక కుటుంబం చేపల చెరువు మీద ఆధారపడటం మాని ఇంకో బతుకుదెరువులో కుదురుకోవడం, ఇవేవీ ఐదేళ్లలో తేలేవి కావు. మధ్యలో మనిషి మారితే పని ఆగిపోకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఒకటి ఉండాలి. అది లేని చోట ప్రతి కొత్త ప్రభుత్వమూ మొదటి రోజు నుంచి మొదలుపెడుతుంది. సర్వే చేయిస్తామంటుంది, ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు, అంటే నీటిని ఆపి వదిలే గేట్లు, కడతామంటుంది, కమిటీ వేస్తామంటుంది. రెగ్యులేటర్ల మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఎండాకాలంలో కొల్లేరు మట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. ఉప్పు చేరిన ఊళ్లలో తాగునీరు పోతుంది, కొర్రమీను, మార్పు, వాలుగ లాంటి మంచినీటి చేపలూ పోతాయి. ఇది ఎప్పుడో తేల్చాల్సిన ఇంజినీరింగ్ ప్రశ్న. మనం దాన్ని ఎన్నికల హామీగా నిలవ పెట్టుకున్నాం.

ఇది అయ్యే పనేనా అనేవాళ్లకు పక్క రాష్ట్రం ఉంది. ఒడిశాలో చిలికా సరస్సు ఇదే పాట్లు పడింది. 1981లో రామ్‌సార్ జాబితాకెక్కిన ఆ సరస్సు, సముద్రం దారి పూడిపోయి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, 1993 నాటికి ప్రమాదంలో ఉన్న సరస్సుల పట్టికలోకి దిగింది. అక్కడి ప్రభుత్వం చిలికా కోసమే ఒక అథారిటీ పెట్టింది. వాళ్లు ముందు కొన్నేళ్లు కొలతలే కొలిచారు. నీరు ఎటు పోతోంది, మేట ఎక్కడి నుంచి వస్తోంది, సముద్రం దారి ఎక్కడ తెరిస్తే నిలుస్తుంది అని నమూనాలు కట్టి చూశారు. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచారు. 1999-2000లో సుమారు 1,750 టన్నులున్న చేపల దిగుబడి రెండేళ్లలో 12 వేల టన్నుల దరికి చేరింది. 2002లో చిలికా ఆ ప్రమాద పట్టిక నుంచి బయటపడింది. ఆసియాలో అలా బయటపడ్డ మొదటి సరస్సు అదే. చిలికాలో అంతా బాగుందని చెప్పను. రొయ్యల గేరీలు (సరస్సులోనే గట్లు, వలలు కట్టి రొయ్యలు పెంచే ఆవరణలు) అక్కడా మళ్లీ మళ్లీ లేస్తున్నాయి, మళ్లీ మళ్లీ కూలుస్తున్నారు, 1999లో ఆ గొడవల్లో కాల్పులు జరిగి మత్స్యకారుల ప్రాణాలు కూడా పోయాయి. కానీ ఒక తేడా ఉంది. ముఖ్యమంత్రులు మారినా ఆ సరస్సు సంగతి అడగడానికి ఒక తలుపుంది. కొల్లేరు గురించి అడగాలంటే నేను ఎన్ని తలుపులు తట్టాలో చూడండి. భూమి రెవెన్యూ వాళ్లది. నీళ్లు ఇరిగేషన్ వాళ్లవి. మురుగు కాలువలు డ్రైనేజీ వాళ్లవి. చెరువులు మత్స్య శాఖవి. పక్షి అటవీ శాఖది. పట్టణాల మురుగు మున్సిపాలిటీలది. అటవీ శాఖ ఎంత మంచి ప్లాన్ రాసుకున్నా అది తన చేతిలో ఉన్న స్టాండ్లకూ పడవలకూ చెక్‌పోస్టులకే పరిమితం. ఉప్పుటేరులో పూడిక తీయమని ఇరిగేషన్‌ను శాసించే అధికారం దానికి లేదు.

ఒక్క మంచి మాత్రం అనుకోకుండా జరిగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కైకలూరు వైపు మండలాలు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు సరస్సు ఒక గట్టు ఒక కలెక్టరుది, ఇంకో గట్టు ఇంకో కలెక్టరుది. ఇప్పుడు ఎక్కువ భాగం ఒకరి చేతికి వచ్చింది. సాకు ఒకటి తగ్గింది.

చేపల రైతుల మాట కూడా నేను కొట్టిపారేయను. కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల ఎంత పని పుట్టింది, ఎన్ని ఇళ్లు లేచాయి, ఎంతమంది పిల్లలు ఇంజినీరింగ్ చదివారు అన్నది నా కళ్లతో చూశాను. అందులో మా బంధువుల పిల్లలూ ఉన్నారు. ఐదో కాంటూరు బయట చెరువులు చట్టబద్ధంగా సాగుతూనే ఉన్నాయి, సాగాలి కూడా. కానీ సరస్సు గర్భంలోని చెరువుకు బయటి చెరువుకు లేని ఒక లాభం ఉంది. వరద నష్టం ఎవరి నెత్తినో పడుతుంది, మురుగు ఎవరి నీళ్లలోనో కలుస్తుంది, లాభం మాత్రం లీజుదారుడి దగ్గరే ఉంటుంది. ఊరుమ్మడి చెరువు లీజు డబ్బులో ఇంటికింత అని వచ్చే వాటా లంక ఊళ్లకు నిజంగానే ఆసరా. దాన్ని ఒక్క రోజులో లాగేస్తే జనం ఎదురు తిరుగుతారు, తిరగాలి కూడా. పదేళ్ల గడువు పెట్టి, ఏడాదికింత చొప్పున గట్లు తీస్తూ, తీసిన మేరకు వేటకు నీళ్లూ, వేట లేని నెలలకు భృతీ, జిరాయితీకి డబ్బూ ముందే చేతిలో పెడితే ఆ ఊళ్లే సరస్సుకు కాపలా కాస్తాయని నేను నమ్ముతున్నాను. 2006లో మనం వరస తిరగేశాం. గట్టు ముందు కొట్టాం, బతుకు సంగతి తర్వాత అన్నాం. ఆ తర్వాత రానే లేదు.

సిటీలో ఉండేవాళ్లకు ఇదంతా దూరపు గొడవలా అనిపించవచ్చు. హైదరాబాదు నడిబొడ్డున కేబీఆర్ పార్కు 1998 నుంచీ నేషనల్ పార్కు, వన్యప్రాణి చట్టంలో అభయారణ్యం కన్నా గట్టి హోదా. దాని చుట్టూ రక్షణ వలయంగా ఉండాల్సిన ఎకో సెన్సిటివ్ జోన్ 2020లో కొన్ని చోట్ల మూడు మీటర్లకు వచ్చి ఆగింది. ట్రాఫిక్ ఇరవై ఏళ్లలో ఎంత పెరుగుతుందో లెక్కగట్టి ఫ్లైఓవర్లకు నక్షలు గీసేవాళ్లుంటారు. పార్కుకు ఇరవై ఏళ్లలో ఎంత నీడ, ఎంత నేల కావాలో గీసి పట్టుకొచ్చేవాళ్లు ఆ సమావేశంలో ఉండరు. అందుకే ప్రతిసారీ పార్కే జరగాల్సి వస్తుంది.

2022లో వన్యప్రాణి చట్టాన్ని మళ్లీ సవరించారు. ప్రతి అభయారణ్యానికీ ఆమోదం పొందిన మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉండాలి, నిర్వహణ దాని ప్రకారమే జరగాలి అన్నారు. మంచి మార్పు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అటవీ హక్కుల చట్టం వర్తించే చోట్ల గ్రామసభతో మాట్లాడి ఆ ప్లాన్ తయారు చేయాలని కూడా రాశారు. కొల్లేరు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి ఇక్కడ గ్రామసభను అడిగి తీరాలన్న నిర్బంధం లేదని అధికారులు అనొచ్చు. అడగొద్దని కూడా చట్టం ఎక్కడా చెప్పలేదు. ముప్పై ఏళ్ల ప్లాన్‌ను నిలబెట్టేది ఫైలు మీద సంతకం కాదు, ప్రభుత్వం మారిన రోజు 'ఇది మా ప్లాన్, ఆపడానికి వీల్లేదు' అనే ఊళ్లు. లంక ఊళ్లను అడగకుండా రాసిన ప్లాన్‌కు ఆ రోజు దిక్కు ఉండదు.

మా ఊరి గ్రామసభలో పెట్టమని ఒక తీర్మానం రాసి సర్పంచి గారికి ఇచ్చాను. చదివి, "ఇందులో కాంటూరు నంబరు లేదేంటి బాబూ?" అన్నారు. లేదండీ, కావాలనే పెట్టలేదు అన్నాను. అందులో ఉన్నది ఇదీ: అభయారణ్యం లోపలి జిరాయితీ సర్వే నంబర్ల జాబితా పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి, ఒక్కో నంబరుకూ తీసుకుంటారా, వదులుతారా, షరతులతో ఉంచుతారా అన్నది తేదీతో సహా రాయాలి. ఉప్పుటేరు పూడిక, పెదఎడ్లగాడి డెక్క, ఎగువ పట్టణాల మురుగు శుద్ధి, ఈ మూడింటికీ పదేళ్ల నిధులు ఒకే పద్దు కింద చూపించాలి. సరిహద్దు రాళ్లు ఊరివాళ్ల ఎదుట పాతాలి. మేనేజ్‌మెంట్ ప్లాన్ ముసాయిదా తెలుగులో ఇచ్చి, ఖరారు చేసే ముందు లంక ఊళ్లలో చదివి వినిపించాలి. ఆ ప్లాన్‌లో ఏ ఏడు ఏం జరిగిందో ప్రతి జనవరి గ్రామసభలో కలెక్టరు తరఫున ఒక అధికారి వచ్చి చెప్పాలి. సర్పంచి గారు రెండోసారి చదువుకుని, జిరాయితీ వాక్యం కింద తన సర్వే నంబరు కూడా రాసి సంతకం పెట్టారు.